పిన్నీసు

పున్నమి ఘాట్ నుంచి బాగానే బయల్దేరుతుంది.
సరిగ్గా పావుగంట.
ఆ తర్వాత గొంతులో ఏదో అడ్డం పడినట్టు
రెండు దగ్గులు, ఒక ఎక్కిలి,
ఇంక చప్పుడుండదు.
కృష్ణ నడిమధ్యలో చప్పుడు లేకపోవడమంటే
గట్టు మీద వాళ్ళకి చెప్పినా తెలీదు.
పడవ కింద నీళ్ళు మెల్లగా లాగుతుంటాయి,
బ్యారేజీ దీపాలు ఒక్కోటీ పెద్దవవుతుంటాయి.

మా ఆయన నాంచారయ్య హ్యాండిలు తిప్పుతాడు, తిడతాడు,
చేతులు పడిపోయి కూలబడతాడు.
కాసేపటికి అదే అందుకుంటుంది
అలిగిన పిల్ల అన్నానికొచ్చినట్టు.
మళ్ళీ పావుగంట.

ముందు గుర్రపుడెక్క అన్నారు.
పడవని గట్టుకి లాగి, ఫ్యాను చుట్టూ
వేళ్ళూ తీగలూ గోనెసంచి పీలికలూ
తట్టెడు కోసి పోశాడు.
లాభం లేదు.
డీజిల్లో నీళ్ళు కలిశాయన్నారు.
బంకువాణ్ణి ఏడు తరాలు తిట్టి
సీసాలోకి వంచి రాత్రంతా కిటికీలో పెట్టాం.
పొద్దున చూస్తే తేనెరంగు, చుక్క నీళ్ళు లేవు.
లంక కూలీలు వేరే పడవలు చూసుకున్నారు.

ఆరోరోజు ఆటోనగర్ నుంచి దస్తగిరి వచ్చాడు
మోపెడ్ మీద, కాళ్ళ మధ్య పనిముట్ల సంచితో.
లారీల మేస్త్రీ. నీళ్ళంటే భయం.
పడవెక్కే ముందు చెప్పులు విడిచాడు.

ఫిల్టరు విప్పి ఎండకెత్తి చూశాడు.
గాలి పట్టిందేమో అని స్క్రూ వదులు చేసి
నురుగంతా పోయి నికరంగా ధార పడేదాకా పంపు నొక్కాడు.
నాజిల్ ఊడదీసి చొక్కాకి తుడిచి
నా చేతిలో పెట్టాడు, "పట్టుకోమ్మా, కింద పెట్టకు."
పెట్ట కింద నుంచి తీసిన గుడ్డంత వెచ్చగా ఉంది.

అన్నీ బిగించి, స్లోలో పెట్టి,
మాట్లాడొద్దని వేలు చూపించి
చాలాసేపు విన్నాడు.
అది తూలుతోంది, నిలబడుతోంది, తూలుతోంది.
"జబ్బు కాదిది," అన్నాడు, "ఆకలి."

ట్యాంకు మూత తిప్పాడు.
హుస్సుమని
నీళ్ళలోంచి తల పైకెత్తిన మనిషిలా
గాలి పీల్చుకుంది.
తూలడం ఆగింది. ఇంజనంతా ఒకటే అడుగు,
ఒకటే అడుగు, ఒకటే అడుగు.

మూతకి నడినెత్తిన కన్నం ఉంటుందట,
చీమ దూరేటంత.
ఎంత డీజిల్ దిగితే అంత గాలి లోపలికి పోవాలట.
పోకపోతే ఉన్నదాన్ని వదలదట ట్యాంకు.

"పిన్నీసుందామ్మా?"
గాజుకున్న రెండిట్లో పెద్దది తీసిచ్చాను.
పొడిచి, తిప్పి, లాగాడు.
మొనకి పెచ్చు.
ఎండి గట్టిపడిన పసుపు.

నేనే.
దసరా మర్నాడే కదా ఈ రోగం మొదలైంది,
ఎవ్వరం లెక్కపెట్టలేదు.
పోయినేడు వరదలో గేట్ల వైపు కొట్టుకుపోతుంటే
ఎవరో విసిరిన తాడు అంది బతికొచ్చాడు మనిషి.
అందుకని ఈసారి పసుపు చిక్కగా కలిపి
ఇంజనుకీ, చుక్కానికీ, ఆ మూతకీ
నిండుగా మెత్తాను, పైన కుంకం అద్దాను.
ఎంత భయమో అంత మందం.

దస్తగిరి పిన్నీసు చూశాడు.
నా వేళ్ళు చూశాడు.
గట్టు మీద నాంచారయ్య టీ కోసం కేకేస్తున్నాడు.
ప్యాంటుకి మొన తుడిచి నా చేతికిచ్చి
"మట్టండీ," అన్నాడు గట్టిగా, "ఎక్కడిదో మట్టి."
టీ తాగాడు. మూడొందలు పుచ్చుకున్నాడు.
చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లెక్కాడు.

ఆ సాయంత్రం పావుగంట దాటింది. అరగంట దాటింది.
గట్టు మీద నించుని నేను లెక్కపెడుతూనే ఉన్నాను.

పిన్నీసుకి డీజిల్ వాసన ఇంకా పోలేదు.
వచ్చే దసరాకీ పెడతాను బొట్టు,
అంతే మందంగా,
వేలెడు పక్కకి.